నాయన కెమెరా లెన్సు మన డిజిటల్ కెమెరాకు ఎక్కుతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పాత లెన్సుల గురించే. స్టూడియోలు మూసేసిన ఇళ్ళల్లో బీరువా పై అరల్లోంచి తోలు సంచులు కిందికి దిగుతున్నట్టున్నాయి. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో కెమెరాలు విప్పి బిగించుకుంటూ బతికేవాణ్ణి గనక నా బల్ల మీద చూసిందే చెబుతాను. ఇంట్లో ఉన్న లెన్సును వాడుకుంటానంటే ఎవరికైనా సరే అనే అంటాను. వీడియోలో చూసి ముచ్చటపడి కొంటానంటే మాత్రం కాస్త ఆగమంటాను. కింద జవాబులన్నిట్లోనూ ఈ పక్షపాతం కనబడుతుంది, దాచుకోను.

ప్రశ్న: మా నాయనకు మంగమూరు రోడ్డులో స్టూడియో ఉండేది. ఆయన యాషికా ఎఫ్‌ఎక్స్-3, దాని 50 ఎం.ఎం. లెన్సు ఇంట్లోనే ఉన్నాయి. నా దగ్గర కెనాన్ 1500డి ఉంది. రింగు వేస్తే ఆ లెన్సు పనిచేస్తుందా? మా మేనమామ ఇది అమ్మేసి నికాన్ డిఎస్‌ఎల్‌ఆర్ తీసుకో, పాత లెన్సులకు అదే మంచిది అంటున్నాడు.
— బీటెక్ విద్యార్థి, ఒంగోలు

పనిచేస్తుంది. మీ మేనమామ మాట పాత నికాన్ లెన్సుల వరకు నిజమే. కానీ ఆయన చెప్పినట్టు చేసుంటే మీ నాయన లెన్సు బీరువాలోనే ఉండిపోయేది.

లెన్సు కూర్చునే అంచు దగ్గర్నుంచి ఫిల్ము దాకా, ఇప్పుడైతే సెన్సర్ దాకా, ఎంత దూరం ఉండాలన్నది ప్రతి కంపెనీ ఒక కొలత పెట్టుకుంటుంది. యాషికాకు అది 45.5 మి.మీ. మీ కెనాన్‌కు 44 మి.మీ. అంటే ఒకటిన్నర మిల్లీమీటరు ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఒక సన్నటి లోహపు రింగు పెట్టి లెన్సును సరిగ్గా దాని దూరంలో నిలబెట్టొచ్చు. నికాన్ డిఎస్‌ఎల్‌ఆర్‌కు ఆ కొలత 46.5 మి.మీ. రింగు మందం సంగతి పక్కనబెట్టినా లెన్సు అప్పటికే ఒక మిల్లీమీటరు ముందుకు జరిగిపోయింది. 50 ఎం.ఎం. లెన్సు ఒక మిల్లీమీటరు జరిగితే రెండున్నర మీటర్లకు అవతల ఉన్నదేదీ ఫోకస్‌లోకి రాదు. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం తీయొచ్చు, వెనకున్న ఊరు తీయలేరు. మధ్యలో గాజు పెట్టిన రింగులు అమ్ముతారు గానీ ఆ గాజుతో బొమ్మ పాడవుతుంది.

మీవాళ్ళలో ఎవరైనా మిర్రర్‌లెస్ కొనబోతుంటే ఈ తిప్పలేమీ ఉండవు. డిఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సు వెనక ఉండే అద్దం వీటిల్లో లేదు కాబట్టి ఆ దూరం బాగా తగ్గిపోయింది. సోనీకి 18, నికాన్ జడ్‌కు 16, కెనాన్ ఆర్‌ఎఫ్‌కు 20, ఫుజీ ఎక్స్‌కు 17.7 మి.మీ. పాత ఎస్‌ఎల్‌ఆర్ లెన్సు ఏదైనా వీటికి ఎక్కుతుంది. తమాషా ఏందంటే, 1987కు ముందు వచ్చిన కెనాన్ వాళ్ళ సొంత ఎఫ్‌డి లెన్సులే కెనాన్ డిఎస్‌ఎల్‌ఆర్‌లకు సరిగా ఎక్కవు. వాటి కొలత 42 మి.మీ. మిర్రర్‌లెస్ వచ్చాకే వాటికి మళ్ళీ గిరాకీ వచ్చింది.

ఇక వాడటం. రింగు వేసి బిగించగానే స్క్రీన్ మీద అపర్చర్ (లెన్సులో వెలుగు దూరే కంత సైజు) దగ్గర 00 అని పడుతుంది, కంగారుపడొద్దు. లెన్సుతో కెమెరాకు మాటల్లేవని దాని అర్థం, అంతే. డయల్‌ను ఏవి (Av) మీదో ఎం (M) మీదో పెట్టండి. అపర్చర్‌ను లెన్సు మీదున్న రింగుతోనే తిప్పాలి. మీ నాయన కెమెరాలో కన్ను పెట్టి చూస్తే మధ్యలో రెండు ముక్కలుగా చీలిన గుండ్రం కనబడుతుంది, ముక్కలు రెండూ కలిస్తే ఫోకస్ కుదిరినట్టు. 1500డి వ్యూఫైండర్‌లో అది లేదు. అందులో చూసి ఫోకస్ కుదిరిందనుకుంటే ఇంటికొచ్చాక ఏడవాల్సిందే. లైవ్ వ్యూ (వెనక స్క్రీన్ మీద బొమ్మ) పెట్టుకుని, భూతద్దం బటన్‌తో పది రెట్లు పెద్దది చేసి, కనురెప్ప వెంట్రుకల మీద ఫోకస్ చెయ్యండి. అపర్చర్ పూర్తిగా తెరిచి ఉంచి ఫోకస్ చేసుకుని, ఆ తర్వాత 4కో 5.6కో మూసి షట్టర్ నొక్కండి.

ఇంకో మాట. మీ సెన్సర్ ఫిల్ము కంటే చిన్నది, అందువల్ల 50 కాస్తా 80 ఎం.ఎం. లెన్సులా చూస్తుంది. మీ నాయన నిలబడిన చోటి నుంచి ఆయనకు కుటుంబం మొత్తం పట్టేది. అక్కడే నిలబడితే మీకు ఇద్దరు ముగ్గురే పడతారు. ముఖాలు తీయడానికి మాత్రం భేషుగ్గా ఉంటుంది.

ప్రశ్న: అన్నా, నేను పెళ్ళిళ్ళు తీస్తా. నాది నికాన్ డి7200. మా గురువుగారు తన పాత నిక్కర్ 50 ఎం.ఎం. ఎఫ్/1.4 నాకిచ్చినారు. బిగించబోతే చివర్లో ఏదో తగులుతున్నట్టుంది. కొంచెం గట్టిగా తిప్పమంటావా?
— ఫోటోగ్రాఫర్, బుచ్చిరెడ్డిపాళెం

వద్దు నాయనా, అక్కడే ఆపు!

నికాన్ మౌంటు (లెన్సు బిగించే చోటు) 1959 నుంచి ఒకటే గానీ 1977లో అపర్చర్ రింగు వెనక అంచును మార్చారు. ఆ తర్వాత వచ్చినవి ఎఐ లెన్సులు, అంతకుముందువి నాన్-ఎఐ. నీ కెమెరా మౌంటు పక్కన చిన్న మీట ఒకటుంటుంది, అపర్చర్ ఎంతలో ఉందో దాంతోనే కెమెరాకు తెలుస్తుంది. నాన్-ఎఐ లెన్సు అంచు నేరుగా వచ్చి దాని మీద కూర్చుంటుంది. గట్టిగా తిప్పితే విరిగేది ఆ మీటే.

గుర్తుపట్టడం తేలిక. అపర్చర్ రింగు మీద చెవుల్లా పైకి లేచిన లోహపు ముక్క ఉంది గదా, దానికి రెండు కంతలుంటే ఎఐ, కంతల్లేకుండా నిండుగా ఉంటే నాన్-ఎఐ. ఎఐ లెన్సుకు అపర్చర్ అంకెలు రెండు వరసల్లో ఉంటాయి, ఒకటి పెద్దది, దాని కింద బాగా చిన్నది. నీ దగ్గరున్నది నిండు చెవులదే అయివుంటుంది. ఆ రింగు అంచును కొలత ప్రకారం కోసి ఎఐగా మార్చొచ్చు, పని తెలిసినవాళ్ళ చేత చేయించు. అంతదాకా డి3000, డి5000 వరసలో ఏదైనా బాడీ ఉంటే దానికి బిగించుకో, వాటికి ఆ మీట లేదు. వాటిల్లో ఈ లెన్సుతో మీటరింగ్ (కెమెరా వెలుగు కొలవడం) ఉండదు, ఎం మోడ్‌లో పెట్టి వెలుగు నువ్వే చూసుకోవాలి. ఎఐగా మార్చాక డి7200 మెనూలో నాన్-సీపీయూ లెన్స్ డేటా అన్నచోట 50, 1.4 అని ఎక్కిస్తే మీటరింగ్ అంతా సజావుగా నడుస్తుంది.

జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు మాత్రం ఈ లెన్సు చేతిలో ఉండకూడదు. ఆ ఘడియ మళ్ళీ రాదు, పెళ్ళివారు ఊరుకోరు. పెళ్ళికూతుర్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసేటప్పుడు బయటికి తియ్యి.

ప్రశ్న: అంకుల్, హీలియోస్ 44-2 కొందామనుకుంటున్నా. వెనకంతా సుడి తిరిగినట్టు వస్తుందంట గదా. నాది సోనీ జడ్‌వి-ఇ10. ఫ్రెండ్ లెన్సు తెచ్చి రింగుతో బిగిస్తే షట్టరే పడలా. లెన్సు పోయిందా?
— డిగ్రీ విద్యార్థిని, కావలి

లెన్సుకేం కాలేదమ్మా. మెనూలో రిలీజ్ వితౌట్ లెన్స్ అని ఉంటుంది, దాన్ని ఎనేబుల్ చెయ్యి. రింగులో కరెంటు తీగలేమీ ఉండవు, అందుకని లెన్సే లేదనుకుని కెమెరా మొరాయిస్తోంది. పనిలో పనిగా పీకింగ్ కూడా ఆన్ చేసి ఎరుపు పెట్టుకో. ఫోకస్‌లో ఉన్న అంచులు ఎర్రగా మెరుస్తాయి. ఎఫ్/2 దగ్గర పీకింగ్ కొంచెం అబద్ధం చెబుతుంది, పెద్దది చేసి చూసుకున్నాకే నొక్కు.

ఇక సుడి. ఈ లెన్సు జైస్ బయోటార్ 58 ఎం.ఎం. నమూనా మీద సోవియట్ వాళ్ళు జెనిట్ కెమెరాల కోసం చేసింది. అపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు అంచుల దగ్గర వెలుగు చుక్కలు గుండ్రంగా రాకుండా పిల్లికళ్ళలా సన్నబడతాయి. అవన్నీ నడిమధ్య చుట్టూ వరసకట్టడంతో సుడిలా కనబడుతుంది. అసలు విషయం వీడియోల్లో చెప్పరు. ఇదంతా జరిగేది బొమ్మ అంచుల్లో. నీ కెమెరా సెన్సర్ చిన్నది, ఆ అంచుల్నే కోసేస్తుంది. నీకు మిగిలేది 87 ఎం.ఎం. లెన్సు చూపు, చారెడు సుడి. 0.71 రెట్లు కుదించే గాజున్న రింగు వేస్తే పోయింది చాలావరకు తిరిగొస్తుంది, కానీ దాని ధర వేరే.

ఫ్రెండ్ దగ్గర ఉందన్నావు గదా, ఓ వారం అడుక్కో. వేపచెట్టో చింతచెట్టో చూసుకుని, ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడేచోట, చెట్టుకు చాలా ముందుగా మనిషిని నిలబెట్టి రెండు మీటర్ల లోపు నుంచి తియ్యి. ఖాళీ గోడ ముందు తీస్తే ఏ లెన్సూ సుడి తిప్పదు. ఆ బొమ్మలు నచ్చితే అప్పుడు కొనొచ్చు.

ప్రశ్న: తాతగారి పెంటాక్స్ కె1000తో వచ్చిన 28 ఎం.ఎం. ఎఫ్/2.8 లెన్సును ఫుజీ ఎక్స్ కెమెరాకు వేసుకున్నాను. రొట్టెల పండుగలో తీయాలని ఉంది. ఆ జనంలో చేత్తో ఫోకస్ చేసే వ్యవధి ఎక్కడుంటుంది?
— బ్యాంకు ఉద్యోగిని, నెల్లూరు

ఉండదమ్మా. అందుకే అక్కడ ఫోకస్ చేయకూడదు, ఇంట్లోనే చేసుకుని బయల్దేరాలి. నన్నడిగితే పాత లెన్సుకు తగిన చోటంటే స్వర్ణాల చెరువే. బారాషహీద్ దర్గా ముందు నడుములోతు నీళ్ళలో జనం, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి రొట్టె. ఆటోఫోకస్ లెన్సు అడ్డొచ్చిన భుజాల మీదికి పరుగెడుతుంది. దూరం కట్టేసిన లెన్సు ఎక్కడికీ పోదు.

మీ లెన్సు మీద మీటర్ల అంకెలుంటాయి. వాటి పక్కనే అపర్చర్ అంకెలు నడిగీతకు అటూ ఇటూ జంటలుగా చెక్కి ఉంటాయి. ఏ అపర్చర్‌లో ఎంత దూరం నుంచి ఎంత దూరం దాకా స్పష్టంగా వస్తుందో అవి చెబుతాయి. కాకపోతే ఆ గీతలు ఫిల్ము సైజుకు వేసినవి. మీ సెన్సర్ చిన్నది కాబట్టి ఒక మెట్టు తగ్గించి చదవాలి. అపర్చర్ 11 పెట్టి, గీతల్లో 8ని చూడాలన్నమాట. 11 దగ్గర ఫోకస్‌ను మూడున్నర మీటర్లకు కట్టేస్తే, సుమారు ఒక మీటరు ఎనభై నుంచి చెరువు అవతలి గట్టు దాకా అంతా పదునుగానే వస్తుంది. పొద్దుటి ఎండ బాగా పడుతుంటే ఐఎస్‌ఓ 400 పెడితే షట్టర్ సెకనులో 800వ వంతు దగ్గర నిలుస్తుంది. చేతులు కదిలినా, నీళ్ళు ఎగిరినా ఆగిపోతాయి.

ఇక్కడొక మెలిక ఉంది. చవక రింగులు చేసేవాళ్ళు దూరపు ఫోకస్ అందలేదన్న ఫిర్యాదు రాకుండా కావాలనే ఒక పిసరు పలచగా చేస్తారు. దాంతో స్కేలు తప్పిపోతుంది. పెన్నా ఒడ్డుకు పోయి, దూరం నుంచి రంగనాయకుల గుడి గాలిగోపురం మీద పెద్దది చేసి ఫోకస్ కుదర్చండి. గోపురం స్పష్టంగా ఉన్నప్పుడు స్కేలు అనంతం గుర్తు మీద ఉంటే మీ రింగు మంచిదే. 28 ఎం.ఎం. లెన్సుకు రింగు పదోవంతు మిల్లీమీటరు పలచనైనా ఆ గుర్తు దాదాపు 8 మీటర్ల దగ్గరికి వచ్చేస్తుంది. అట్టా వస్తే, నిజంగా మూడున్నర మీటర్లు కావాలన్నప్పుడు స్కేలు మీద రెండున్నరకు కాస్త ఇవతల పెట్టాలి. ఒకసారి కొలుచుకుని, రింగు మీద తెల్ల రంగుతో చుక్క పెట్టేసుకోండి. రోడ్డు మీద అంకెలు చూసుకునే పని తప్పుతుంది.

నీళ్ళ మీది ఎండ ఎదురుగా వస్తే పాత లెన్సులో బొమ్మ తెల్లగా పాలిపోతుంది. హుడ్ (లెన్సు ముందు బిగించే నీడ గొట్టం) తప్పనిసరి. లేకపోతే ఎడమచెయ్యి లెన్సు పైన గొడుగు పట్టండి. అన్నట్టు, పండుగకు వచ్చేవాళ్ళు ఏదో ఒక మొక్కుతోనే నీళ్ళలో దిగుతారు. పిల్లల కోసం రొట్టె అందుకుంటున్న ఆడమనిషి ముఖం మీదికి కెమెరా ఎత్తేముందు ఒకసారి కళ్ళతో అడగండి. వద్దంటే దించేయండి.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. మూడు పాత లెన్సుల్లో ఫంగస్ పట్టింది. బియ్యం డబ్బాలో పెడితే తేమ లాగేస్తుందని మా ఆవిడ అంటోంది. ఎండలో పెట్టమని మా తోటి మాస్టారు అంటున్నాడు. ఏది చెయ్యాలి?
— ఉపాధ్యాయుడు, కొత్తపట్నం

మాస్టారూ, రెండూ వద్దు. బియ్యాన్ని నెల్లూరువాణ్ణి నేనే కాదంటున్నానంటే ఆలోచించండి. నిల్వ చేసిన బియ్యంలోనే నూటికి పన్నెండు, పద్నాలుగు పాళ్ళ తేమ ఉంటుంది. పైగా తవుడు పొడి అపర్చర్ రేకుల్లోకి పోయిందంటే నా దగ్గరికే తేవాలి. ఎండ ఎంత కొట్టినా లోపల అల్లుకున్న పోగులు ఊడి పడవు. లెన్సులో పోసిన గ్రీజు మాత్రం కరిగి రేకుల మీదికి కారుతుంది.

ముందు ఎంతవరకు పట్టిందో చూడండి. రాత్రిపూట లైటు ఆర్పేసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనకవైపు నుంచి సెల్ లైటు వేసి ముందునుంచి కొంచెం వాలుగా చూడాలి. నిటారుగా చూస్తే ఏమీ కనబడదు. లెన్సును నెమ్మదిగా తిప్పుతుంటే అంచు దగ్గర మొదలై లోపలికి కొమ్మలు వేసుకుంటూ పోయే తెల్లటి పోగులు కనబడితే అది ఫంగస్. పోగుల్లేకుండా అద్దమంతా ఆవిరి పట్టినట్టుంటే అది గ్రీజు ఆవిరి, అంత భయం లేదు. అంచున నాలుగు పోగులుంటే బొమ్మలో తేడా తెలియదు, వాడుకోండి. మధ్యకు వచ్చేస్తే విప్పించి తుడిపించాలి, ఆలస్యం చేయొద్దు. అది వదిలే ఆమ్లం పైపూతను, ఆ తర్వాత గాజును తినేస్తుంది. ఒకసారి తిన్నాక తుడిస్తే పోగులు పోతాయి, మచ్చ పోదు. తుడిపించే కూలి లెన్సు ధరను మించుతుంటే మూడింట్లో మీకు ఇష్టమైనదాన్ని ఒక్కదాన్నే తెండి.

దాచడానికి ఖర్చేం అక్కర్లేదు. మూత బిర్రుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, తేమ చూపే చిన్న మీటరు. ఆ మీటరు నలభై, యాభై శాతం మధ్య ఆడుతుంటే చాలు. మరీ తక్కువకు దించితే మంచిదనుకోవద్దు. జెల్ రంగు మారితే వేడిచేసి మళ్ళీ వాడొచ్చు, కానీ నీలం రంగు జెల్‌లో కోబాల్టు ఉంటుంది, వంట మూకుట్లో వేయించొద్దు. నారింజ రంగువి తెచ్చుకోండి. తోలు కేసులు చూడటానికి ముచ్చటగా ఉంటాయి గానీ తేమను పట్టి ఉంచేవి అవే. కేసు వేరే, లెన్సు వేరే పెట్టండి. మన వైపు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరులోపే గదా, ఆ నెలల్లో వారానికోసారి బయటికి తీసి నాలుగు బొమ్మలు తీయండి.

ప్రశ్న: సూపర్ టాకుమార్ 50 ఎఫ్/1.4 లెన్సు అద్దం టీ రంగులోకి తిరిగింది. రేడియేషన్ అంటున్నారు. పారేయాలా?
— ఉదయగిరి

పారేయొద్దు. ఈ లెన్సులో కొన్ని రకాల్లో థోరియం కలిపిన గాజు వాడారు. ఆ రేడియేషన్ వల్లే గాజు ఏళ్ళ తరబడి మెల్లగా పసుపెక్కుతుంది. కెమెరాకు బిగించి బొమ్మలు తీసుకోవడానికి భయపడనక్కర్లేదు. గాజును అరగదీయడం, పగలగొట్టడం మాత్రం చేయొద్దు, పిల్లలకు భూతద్దంగా ఇవ్వొద్దు. అల్ట్రావయొలెట్ ఎల్‌ఈడీ దీపం కింద కొన్ని రోజులుంచితే రంగు చాలావరకు విరిగిపోతుంది. దీపం వైపు చూడకండి. ఎండలో పెట్టేవాళ్ళూ ఉన్నారు గానీ ఎండలో లెన్సంటేనే నిప్పు. కింద చాప ఉంటే అంటుకుంటుంది.

ప్రశ్న: నేలపట్టు పక్షుల కోసం రష్యన్ మిర్రర్ లెన్సు, 500 ఎం.ఎం. ఎఫ్/8, చవగ్గా దొరుకుతోంది. కొనమంటారా?
— గూడూరు

కొనొద్దు. అపర్చర్ 8 మీదే కదలకుండా ఉంటుంది, తెల్లారుజామున వెలుగు చాలదు, వెనకున్న చుక్కలన్నీ గారెల్లా కంతలతో వస్తాయి. గూట్లో కూర్చున్న గూడబాతును తీయగలరు. ఎగిరేదాన్ని చేతి ఫోకస్‌తో పట్టుకోవడం నా వల్ల కూడా కాదు. ఆ డబ్బు దాచి వాడిన ఆటోఫోకస్ జూమ్ చూసుకోండి.

ప్రశ్న: సార్, నేను ట్రాక్టర్ మెకానిక్‌ని. మా అన్న లెన్సు ఫోకస్ రింగు బిగుసుకుపోయింది. డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే నూనె స్ప్రే) కొట్టి తిప్పితే వదులవుతుంది గదా?
— పొదిలి

వదులవుతుంది, తర్వాత ఆ నూనె లోపలికి పాకి అపర్చర్ రేకులకు అంటుకుని అవి కదలవు. అద్దం మీద పొరగా కూడా పడుతుంది. లెన్సులో స్ప్రే కొట్టే పని ఎప్పుడూ లేదు. బిగుసుకున్నది పాత గ్రీజు ఎండిపోవడం వల్ల. దాన్ని తీసి, కడిగి, కొత్త గ్రీజు పలచగా పూయాలి.

మీ చేతికి పనిముట్టు అలవాటే గనక చేసుకోగలరు, రెండు సంగతులు పట్టించుకుంటే. జపాను లెన్సుల స్క్రూలు చూడటానికి మామూలు ప్లస్ స్క్రూల్లాగే ఉంటాయి గానీ జేఐఎస్ (జపాను ప్రమాణం) కొలతవి. మీ పెట్టెలోని ఫిలిప్స్ డ్రైవర్ వేస్తే తల అరిగిపోతుంది, ఇక ఆ స్క్రూ రాదు. జేఐఎస్ డ్రైవర్ వేరే కొనండి. రెండోది, ఫోకస్ రింగు లోపలి మర చుట్టుకు (థ్రెడ్‌కు) మొదలు ఒక్కటి కాదు, చాలా ఉంటాయి. ఏ మొదట్లో ఎక్కించినా సాఫీగా ఎక్కుతుంది, కానీ సరైనది ఒక్కటే. మిగతావాటిలో ఎక్కిస్తే దూరపు ఫోకస్ పోతుంది. అందుకని విప్పేటప్పుడు రింగును చాలా మెల్లగా తిప్పుతూ, రెండు ముక్కలూ విడిపోయే క్షణంలో ఆపి, రెండింటి మీదా ఎదురెదురుగా సూదితో గీత గీయండి, సెల్‌లో ఫోటో తీయండి. ఆ తర్వాతే విడదీయండి. పాత గ్రీజు పూర్తిగా పోయేదాకా పెట్రోలుతో కాదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, ట్రాక్టరు బేరింగు గ్రీజు దగ్గరికి రానీయకండి.